చర్చి భూమి ఎవరి పేరున, లెక్క ఎవరి ముందు?

(తిరుపతిలో వివిధ సంఘాల కమిటీ సభ్యులు, కోశాధికారుల కోసం జరిగిన సమావేశంలో ఒక విశ్రాంత ఆడిటర్ చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిపెట్టాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, ముఖ్యంగా వెనక వరుసల్లో కూర్చున్న కోశాధికారులకు నా వందనాలు. కోశాధికారులు ఎక్కడికి వెళ్లినా వెనక వరుసలోనే కూర్చుంటారు. ఎవరైనా లెక్క అడిగితే లేచి వెళ్లడానికి వీలుగా ఉంటుందని కాబోలు. నవ్వండి, తప్పులేదు. అయితే ఈ పూట మాత్రం లేచి వెళ్లవద్దని మనవి.

చర్చి ఆస్తుల గురించి ఊళ్లో రెండు మాటలు వినిపిస్తాయి. బయటివారు అనేది ఒకటి: చర్చికి ఊరూరా భూములున్నాయి, విదేశాల నుంచి డబ్బు వస్తుంది, అడిగే నాథుడు లేడు. లోపలివారు అనేది ఇంకొకటి: వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకు ప్రత్యేక కానుక ఎత్తాల్సి వస్తోంది, పైకప్పు కురుస్తోంది, బాగుచేయించడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. ఈ రెండింటిలో ఏది నిజం? రెండూ నిజమే. సంపద అంతా భూమి రూపంలో బిగుసుకుని ఉంది, రోజువారీ ఖర్చు మాత్రం ఆదివారం సంచిలో పడే నోట్ల మీద నడుస్తోంది. ఈ రెండింటి మధ్య ఉండవలసిన దారి ఎక్కడ తెగిందన్నదే నేను మాట్లాడదలచుకున్న విషయం.

మనం కూర్చున్నది తిరుపతిలో. ఈ ఊళ్లో పుట్టినవాడికి, అతను ఏ మతస్థుడైనా, దేవుడి సొమ్ముకు లెక్క ఉంటుందన్న సంగతి చిన్నప్పటి నుంచే తెలుసు. దేవస్థానం బడ్జెట్ ఏటా పత్రికల్లో వస్తుంది. 2024-25కు అది ఐదు వేల కోట్ల రూపాయలు దాటింది. హుండీ ఎంత, డిపాజిట్ల మీద వడ్డీ ఎంత, తలనీలాల వేలంలో ఎంత అని టీ కొట్టు దగ్గర కూడా మాట్లాడుకుంటారు. 1843 నుంచి హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న పరిపాలనను 1932లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం ఒక కమిటీకి, కమిషనర్‌కు అప్పగించింది. ఆ పద్ధతిలో ఏది బాగుంది, ఏది బాగాలేదు అని తీర్పు చెప్పడం నా పని కాదు. నేను అడిగేది మన సంగతి. మన లెక్క ఎక్కడ అచ్చవుతోంది? మన సంఘంలో నెలనెలా కానుక ఇచ్చే ఒక ముసలమ్మకు, తన సంఘానికి పోయిన ఏడాది ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్నది తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

కొందరు పెద్దలు నాతో అంటారు, ఇది ఆత్మ సంబంధమైన విషయం, ఇక్కడ ఆడిటర్ల భాష ఎందుకని. బైబిలు తెరిచి చూద్దాం. అపొస్తలుల కార్యములలో అననీయ, సప్పీరాల కథ మీకందరికీ తెలుసు. వారి తప్పేమిటి? పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకోవడమా? కాదు. పొలం మీదే, అమ్మాక వచ్చిన డబ్బూ మీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అంటాడు. కొంత ఇచ్చి, మొత్తం ఇచ్చామని చెప్పారు, తప్పు అదీ. అంటే సంఘ చరిత్రలో పేరు పెట్టి నమోదైన మొదటి ఆర్థిక నేరం తప్పుడు లెక్క చెప్పడం. ఆ తర్వాతి అధ్యాయంలో విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో వాటా సరిగ్గా అందడం లేదని సణుగు పుట్టింది. అప్పుడు అపొస్తలులు ప్రార్థన చేసి ఊరుకోలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పాటు చేశారు, ఏర్పాటు చేసుకొమ్మని సంఘానికే చెప్పారు. పౌలు యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసినప్పుడు ఆ డబ్బును తానొక్కడే మోసుకుపోలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి వెంట పంపాడు, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలోనూ ఇది సరిగ్గా ఉండాలి అని కారణం కూడా రాశాడు. అంత పౌలుకే రెండో సంతకం అవసరమైంది! మన దగ్గర చెక్కు మీద ఒకే సంతకం చాలు అనే సంఘాలున్నాయి.

దశమ భాగం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. దశమ భాగం తెమ్మని చెప్పే మలాకీ మూడో అధ్యాయం మీద ప్రసంగాలు మనం వింటూనే ఉంటాం. సంఖ్యాకాండము 18 మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? ప్రజల దశమ భాగం పుచ్చుకునే లేవీయులు, అంటే మందిర సేవ చేసేవారు కూడా అందులో నుంచి దశమ భాగం తీసి ఇవ్వాలని అక్కడ ఉంది. లేవీయులకు భూమి స్వాస్థ్యం లేదనీ అక్కడే ఉంది. ద్వితీయోపదేశకాండము 14లో మూడేళ్లకొకసారి ఆ భాగం పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి పోవాలని ఉంది. ఇవ్వమని చెప్పే వాక్యాలు మనకు కంఠతా వచ్చు, పంచమని చెప్పే వాక్యాలు మాత్రం వెతుక్కోవాలి.

పంచడం గురించి పాత సంఘానికి స్పష్టమైన కొలత ఉండేది. 5వ శతాబ్దం చివర రోములో పోపుగా ఉన్న గెలాసియస్ కాలానికి సంఘ ఆదాయాన్ని నాలుగు భాగాలు చేయాలనే నియమం స్థిరపడింది: బిషప్పుకు ఒకటి, గురువులకు ఒకటి, బీదలకు ఒకటి, కట్టడాల మరమ్మతుకు ఒకటి. ఈ నాలుగు పద్దులతో మీ సంఘం పోయిన ఏటి ఖర్చు రాసి చూడండి. బీదల పద్దు దగ్గర కలం ఆగిపోతుంది.

తర్వాత భూమి వచ్చింది. రాజులిచ్చారు, జమీందార్లిచ్చారు, చనిపోయేవాళ్లు ఆత్మ శాంతి కోసం వీలునామా రాశారు. మనిషి చనిపోతాడు, అతని భూమి పంపకాలకు వస్తుంది, అమ్మకానికి వస్తుంది, రాజుకు పన్ను వస్తుంది. సంఘం చావదు, కనుక దాని చేతికి పోయిన భూమి మళ్లీ బయటికి రాదు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డుకు ఇది కంటగింపై 1279లో, అనుమతి లేకుండా చర్చికి భూమి ఇవ్వకూడదని చట్టం చేశాడు. ఎనిమిదో హెన్రీ ఇంకా దూరం వెళ్లాడు. 1535లో చర్చి ఆదాయం మొత్తం మదింపు చేయించి, మరుసటి ఏడు నుంచి మఠాలను మూయించి భూములు లాక్కున్నాడు. ఫ్రాన్సులో 1789లో విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులన్నిటినీ జాతీయం చేసింది. మొత్తం ఎంత ఉందో ప్రజలకు చెప్పకుండా కూడబెట్టిన ఆస్తిని ఏదో ఒకనాడు రాజో, ప్రభుత్వమో వచ్చి లెక్కపెడతారని దీన్నిబట్టి నాకనిపిస్తుంది.

ఇది పాత యూరప్ గొడవ, మనకెందుకు అనుకోకండి. ఆ భయం మన చట్టంలోకీ వచ్చింది. 1925 భారత వారసత్వ చట్టంలో 118వ సెక్షన్ ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతపరమైన లేదా ధర్మకార్యాలకు ఆస్తి రాసివ్వాలంటే, చనిపోవడానికి కనీసం పన్నెండు నెలల ముందే వీలునామా రాసి ఉండాలి, రాసిన ఆరు నెలల్లోగా దాన్ని చట్టప్రకారం భద్రపరచాలి. లేకపోతే అది చెల్లదు. సుప్రీంకోర్టు 2003లో జాన్ వల్లమట్టం కేసులో ఈ సెక్షన్‌ను కొట్టివేసింది. మీ సంఘానికి ఎవరైనా పెద్దమనిషి పూర్వం వీలునామా ద్వారా స్థలం ఇచ్చి ఉంటే, ఆయన ఏ తేదీన రాశారు, ఏ తేదీన కన్నుమూశారు అన్నది ఒకసారి చూసుకోండి.

ఇంగ్లండు చర్చి దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే అక్కడ లెక్క ఉంది, అయినా దెబ్బ తగిలింది. 1704లో రాణి ఆన్ పేర పేద గురువుల కోసం ఒక నిధి పెట్టారు. 1836లో చర్చి ఆస్తుల కోసం కమిషనర్లను నియమించారు. 1948లో ఈ రెండింటినీ కలిపి చర్చి కమిషనర్లు అనే సంస్థ చేశారు. ఒక్కొక్క ఊళ్లో గురువు సొంతంగా సాగు చేయించుకునే మాన్యాలను కూడా 1976 చట్టంతో ఊళ్ల నుంచి తీసి డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) ఆర్థిక మండళ్లకు అప్పగించారు. పద్ధతి అంతా చక్కగా ఉంది. కానీ 1980ల చివర కమిషనర్లు అప్పులు తెచ్చి మరీ షాపింగ్ సెంటర్ల మీద, ఆస్తుల అభివృద్ధి మీద పెట్టుబడులు పెట్టారు; మార్కెట్ పడిపోయేసరికి 80 కోట్ల పౌండ్లు విలువ ఆవిరైపోయింది. దాని భారం ఎవరి మీద పడింది? 1998 నుంచి గురువుల సర్వీసుకు వచ్చే పింఛను బాధ్యత ఊళ్లలోని సంఘాల మీదికి వచ్చింది. అంటే ఆదివారం కానుక వేసే మనిషి మీదికి. పైన ఎక్కడో సంతకం పెట్టిన తప్పుకు కింద కానుక సంచి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రాణి ఆన్ నిధి కూడా ఒకప్పుడు బానిసల వ్యాపారం చేసిన సౌత్ సీ కంపెనీలో పెట్టుబడి పెట్టిందని 2023లో కమిషనర్లే నివేదిక ప్రచురించి, దానికి ప్రాయశ్చిత్తంగా 10 కోట్ల పౌండ్లు కేటాయిస్తామన్నారు. ఈ మెచ్చుకోలు వారికి ఇవ్వాలి: తమ పాత చిట్టాలు తామే తెరిచారు.

రోము కథ అందుకు భిన్నం. 1929లో ముస్సోలినీ ప్రభుత్వంతో కుదిరిన లాటరన్ ఒప్పందంలో వాటికన్‌కు 75 కోట్ల లీరాల నగదు, 100 కోట్ల లీరాల బాండ్లు పరిహారంగా వచ్చాయి. నేటి వాటికన్ పెట్టుబడులకు మూలధనం అదే. 1942లో వాటికన్ బ్యాంకు ఏర్పడింది. 1982లో ఇటలీలోని బాంకో అంబ్రోసియానో కుప్పకూలినప్పుడు వాటికన్ బ్యాంకు పేరు ప్రపంచమంతా మారుమోగింది. 2014లో పోప్ ఫ్రాన్సిస్ ఆర్థిక వ్యవహారాలకు ప్రత్యేక కార్యాలయం పెట్టారు. వాటికన్ ఆస్తులు చూసే విభాగం తన భవనాల వివరాలు మొట్టమొదటిసారి బయటపెట్టింది 2021లో: ఇటలీలో 4,051, ఇతర దేశాల్లో 1,120 దాకా. రెండు వేల ఏళ్ల సంఘం మొదటి జాబితా ఇవ్వడానికి 2021 దాకా పట్టింది! అదే సమయంలో లండన్‌లో కొన్న ఒక పెద్ద భవనం మీద 10 కోట్ల యూరోలకు మించి నష్టం వచ్చి, ఆ వ్యవహారాల్లో 2023 డిసెంబరులో వాటికన్ కోర్టు ఒక కార్డినల్‌కు అయిదున్నరేళ్ల జైలు శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకున్నారు.

కాగితం మీద నియమాలు లేకనా ఇదంతా? కాదు. కథోలిక సంఘ చట్టం 1983లో వచ్చింది, అందులో ఐదో పుస్తకమంతా ఆస్తుల గురించే. దాని ప్రకారం ఆస్తి ఉండవలసినది ఆరాధన కోసం, గురువుల పోషణ కోసం, బీదల సేవ కోసం. ప్రతి పీఠానికీ, అంటే డయోసిస్‌కు, ఆర్థిక మండలి ఉండాలి, ప్రతి విచారణకూ, అంటే ప్యారిష్‌కు, ఆర్థిక సంఘం ఉండాలి. ఒక అవసరానికని ఇచ్చిన కానుకను ఇంకో అవసరానికి వాడకూడదు. పెద్ద విలువ గల భూమి అమ్మాలంటే బిషప్పుగారు కూడా సొంతంగా అమ్మలేరు. ఒక పరిమితి దాటితే రోము అనుమతి కావాలి. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకు లెక్క చెప్పాలని 1287వ సూత్రం నేరుగా చెబుతోంది. ఇక్కడున్న కథోలిక సహోదరులను అడుగుతున్నాను: మీ విచారణలో ఆర్థిక సంఘం పేరు ఎవరైనా విన్నారా? చేతులెత్తండి. సరే, దించండి.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. మన భూములు ఎక్కడి నుంచి వచ్చాయి? అమెరికా రిఫార్మ్‌డ్ సంఘం వారి ఆర్కాటు మిషన్, స్కడ్డర్ కుటుంబం వారు మొదలుపెట్టినది, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు, పుంగనూరు వైపు పని చేసింది. ఆ కాలంలో చిత్తూరు జిల్లా అంటూ లేదు, 1911 దాకా ఇందులో ఎక్కువ భాగం ఉత్తరార్కాటు, మదనపల్లె వైపు కడప జిల్లా. జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు 1860లలో సూళ్లూరుపేట, నాయుడుపేట ప్రాంతంలో అడుగుపెట్టి కాళహస్తి, తిరుపతి దాకా వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లంటే శత్రుదేశస్థులు కనుక వారు వెళ్లిపోవాల్సి వచ్చింది, తర్వాత అమెరికాలోని ఒహాయో లూథరన్లు ఆ బాధ్యత తీసుకున్నారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘానికి కేంద్రం మన తిరుపతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం అనేక మిషన్లు కలిసి ఆసుపత్రి కట్టాయి. ఊరికి దూరంగా, గాలి బాగుంటుందని కొన్న బీడు భూములవి. ఇప్పుడు ఊరే వాటి దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఎకరాల్లో కొన్నదానికి నేడు అంకణాల లెక్కన ధర పలుకుతోంది. చిక్కంతా అక్కడ మొదలైంది.

ఆ భూములు ఎవరి పేరున ఉన్నాయి? ఇది శ్రద్ధగా వినండి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆస్తుల కోసం కంపెనీ చట్టం కింద ఒక ట్రస్ట్ అసోసియేషన్ పెట్టారు. లాభాపేక్ష లేని కంపెనీ. సీఎస్‌ఐ ఆస్తులు దాని పేరున ఉంటాయి; డయోసిస్ స్థాయిలో దస్తావేజుల మీద సంతకం చేసేవారు ఆ కంపెనీ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీతో చేస్తారు. మన చిత్తూరు ప్రాంతం చేరిన కడప కథోలిక మేత్రాసనం (డయోసిస్) 1976లో ఏర్పడింది. కథోలిక సంస్థలు, లూథరన్లు ఎక్కువగా సొసైటీలుగా నమోదై ఉంటాయి. పేర్లు కలిసినంత మాత్రాన ఆస్తి కలవదని 2013లో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని బ్రదరన్ సంఘం కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ సంఘం ఉత్తర ఇండియా సంఘంలో విలీనమైందని తీర్మానం చేశారు, కానీ సొసైటీల చట్టం చెప్పిన పద్ధతిలో సొసైటీని రద్దు చేయలేదు, ట్రస్టు ఆస్తులను చట్టప్రకారం బదిలీ చేయలేదు. కనుక విలీన తీర్మానంతో ఆస్తి చేతులు మారలేదని కోర్టు అంది. తీర్మానం వేరు, దస్తావేజు వేరు.

ఇక స్వతంత్ర సంఘాల సంగతి. ఇక్కడ ఎక్కువమంది మీరే ఉన్నారు కాబట్టి కొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. పాస్టరు గారు కష్టపడి సేవ చేశారు, విశ్వాసులు తలా కొంచెం వేసుకుని స్థలం కొన్నారు, రిజిస్ట్రేషన్ అయ్యగారి పేరున జరిగింది. ఎవరికీ దురుద్దేశం లేదు, అప్పటికి సొసైటీ లేదు. రేపు అయ్యగారు ప్రభువునందు నిద్రించారనుకోండి. వీలునామా లేకపోతే 1925 వారసత్వ చట్టం ప్రకారం ఆ స్థలంలో మూడో వంతు అమ్మగారికి, మిగిలిన రెండు వంతులు పిల్లలకు. అల్లుడు వచ్చి మందిరానికి తాళం వేస్తే చట్టం ముందు అల్లుడిదే పైచేయి అయ్యే ప్రమాదం ఉంది. విశ్వాసులు తామిచ్చిన డబ్బుతోనే అది కొన్నారని రుజువు చేయడానికి ఏళ్లు పడుతుంది, అదీ రసీదులుంటే.

ఇంకొకటి. మన పల్లెల్లో పేద విశ్వాసి ప్రేమతో తనకు ప్రభుత్వం ఇచ్చిన డీకేటీ పట్టా భూమిలో రెండు సెంట్లు మందిరానికి ఇస్తాడు. 1977లో వచ్చిన అసైన్డ్ భూముల చట్టం ప్రకారం అలాంటి భూమిని అమ్మడమే కాదు, దానంగా ఇవ్వడం కూడా చెల్లదు. 2023లో ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్ల విషయంలో కొంత సడలింపు తెచ్చారు. అది తమకు వర్తిస్తుందా లేదా అన్నది సర్వే నంబరు పట్టుకుని తహసీల్దారు కార్యాలయంలో కనుక్కోవాలి. తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని దాన్ని దానపత్రం అనుకుంటే, ఇచ్చినవాడూ చిక్కుల్లో పడతాడు, పుచ్చుకున్నవాళ్లూ పడతారు. స్థిరాస్తి దానమంటే రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. వేరే దారి లేదు.

మన భూములను బయటివారు ఆక్రమించారని అందరూ అంటారు. ఆక్రమణలు లేవనను. అయితే నా అనుభవంలో చర్చి భూమి ఎక్కువగా పోయింది లీజుల ద్వారా. ఎలా పోతుందో వివరంగా చెబుతాను. రోడ్డు పక్క కాంపౌండు గోడ ఉంటుంది. దాన్ని పడగొట్టి దుకాణాలు కడదామంటారు, సంఘానికి ఆదాయం వస్తుందంటారు. మంచిదే. కట్టడానికి డబ్బు లేదు కనుక అద్దెకు వచ్చేవారి దగ్గరే గుడ్‌విల్ పేరున ముందే ఒక మొత్తం తీసుకుంటారు. ఆ గుడ్‌విల్ ఎంత అన్నది ఒప్పందంలో ఉండదు, లేదా సగమే ఉంటుంది. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయించాలి కనుక, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటారు. పన్నెండో నెల వస్తుంది, ఒప్పందం తిరగరాయరు. కమిటీ మారుతుంది. పాత సెక్రటరీ ఫైలు అప్పగించడు. అద్దె పెంచమంటే దుకాణదారు నేను గుడ్‌విల్ ఇచ్చానంటాడు. ఎంత ఇచ్చావంటే అది మీవాళ్లనే అడగండి అంటాడు. చివరికి ఆ దుకాణాన్ని ఆయన ఇంకొకరికి మూడింతల అద్దెకు ఇచ్చుకుంటాడు. చర్చికి వచ్చేది పాత అద్దె, అదీ కరోనా నుంచి బాకీ. ఒక సంఘంలో నేను లెక్కలు చూసినప్పుడు లీజు కాగితంలో 'తూర్పు వైపు గోడ దాకా' అని ఉంది, కొలత లేదు. ఆ గోడ ఇప్పుడు లేదు. గోడ లేనప్పుడు హద్దు ఎక్కడిది? అడిగితే కమిటీవారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ సంఘం పేరు చెప్పను. చెప్పనక్కర్లేదు కూడా, ఇక్కడ నలుగురైదుగురు ఇది మా సంఘమేనా అని ఆలోచిస్తున్నారు.

రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్ ఉంది, నిషేధిత భూముల జాబితా అంటాం కదా, అదే. దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు అమ్మకుండా, పదేళ్లకు మించి లీజుకు ఇవ్వకుండా అందులో పేరు పెట్టి అడ్డుకట్ట వేశారు. చర్చి భూములకు అక్కడ అలాంటి పేరు లేదు. మన కాపలా మనమే కాయాలి.

భూమి విషయం అలా ఉంచి ఆదివారం కానుక దగ్గరికి వద్దాం. ఆరాధన అయ్యాక సంచులు వెస్ట్రీలోకి, అంటే మందిరం పక్క గదిలోకి వస్తాయి. బల్ల మీద కుమ్మరిస్తారు. మడతలు పెట్టి చెమటకు తడిసిన పది రూపాయల నోట్లు, పిల్లలు వేసిన నాణేలు, కవర్లలో పెట్టిన కృతజ్ఞత కానుకలు. ఇద్దరు లెక్కపెట్టాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివారు కాకూడదు. ఏ నోటు ఎన్ని అని చీటీ రాయాలి, ఇద్దరూ సంతకం చేయాలి, ఆరాధన రిజిస్టరులో అక్కడికక్కడే ఎక్కించాలి, మరుసటి రోజు బ్యాంకులో వేయాలి. వచ్చిన డబ్బులో నుంచే పూలవాడికి, మైకువాడికి ఇచ్చేసి మిగిలింది రాయడం మన అలవాటు. దయచేసి మానుకోండి. వచ్చింది మొత్తం రాయండి, ఖర్చు విడిగా రాయండి. కవరు మీద 'అనాథ పిల్లలకు' అని రాసి ఉంటే అది అనాథ పిల్లల పద్దులోకే పోవాలి, మైకు సెట్టుకు పోకూడదు.

ఈమధ్య గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. మంచి వసతి. అది స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తోంది? సంఘం పేరా, పాస్టరు గారి అబ్బాయి పేరా? ఇంటికి వెళ్లే దారిలో ఒక్కసారి మీ ఫోను తీసి చూడండి.

కోత పండుగ గురించి చెప్పకపోతే మా ఆవిడ ఊరుకోదు, ఆమెకు ఆ వేలం పాట అంటే అంత ఇష్టం. మదనపల్లె వైపు టమాటా బాక్సులు, చిత్తూరు వైపు తోతాపురి మామిడి ఒరుగు, బెల్లం అచ్చులు, నాటుకోడి, వేరుశనగ మూట తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఒక గుమ్మడికాయను పెద్దమనుషులు పౌరుషానికి పోయి అయిదు వేలకు పాడతారు. సంతోషమే. ఆ ఏటి లెక్కలో కోత పండుగ ఆదాయం లక్షల్లో కనబడుతుంది. బ్యాంకు పాసుపుస్తకంలో మాత్రం అందులో సగం కూడా ఉండదు. ఎందుకంటే పాడినవారు ఆ రోజు ఇవ్వరు, పేరు నోటుబుక్కులో ఉంటుంది. మరుసటి ఏడు మళ్లీ వాళ్లే గట్టిగా పాడతారు. పాత బాకీ అడగడానికి కోశాధికారికి మొహమాటం. పాట వేరు, రాబడి వేరు. పాడిన మొత్తాన్ని రావలసిన బాకీ కింద రాయండి, చేతికి వచ్చాకే ఆదాయం కింద రాయండి. నోటుబుక్కు వచ్చే ఏడాది పాట మొదలయ్యే ముందు చదవండి. సగం బాకీలు అక్కడే వసూలవుతాయి.

పన్ను గురించి క్లుప్తంగా చెబుతాను, ఇది చార్టర్డ్ అకౌంటెంటుతో కూర్చుని చూసుకోవలసిన విషయం. ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ నమోదై ఉండాలి, ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయాల కోసం ఖర్చు చేయాలి లేదా నిర్ణీత పద్ధతిలో కూడబెట్టాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, వచ్చినదాన్ని ఇంకో సంస్థకు పంచిపెట్టకూడదు. మన ప్రాంతంలో ఒక సందేహం ఎక్కువ. కువైట్‌లో పని చేసే మన అమ్మాయి తన జీతంలో నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు, ఆమె భారత పౌరురాలు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన అబ్బాయి పంపితే మాత్రం అది విదేశీ విరాళమే. కన్యస్త్రీలు, గురువులు ఎయిడెడ్ బడుల్లో తీసుకునే జీతాల మీద కూడా పన్ను కోత ఉంటుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. జీతం మఠానికే ఇచ్చేస్తున్నామన్న వాదన నిలవలేదు.

మరి ప్రభుత్వమే ఒక బోర్డు పెట్టి చర్చి ఆస్తులు చూడాలా? 1987 దేవాదాయ చట్టం ఉంది, వక్ఫ్ చట్టం ఉంది, మీకేమిటి ప్రత్యేకం అని నన్ను చాలామంది అడుగుతారు. కేరళలో 2009లో జస్టిస్ కృష్ణయ్యర్ కమిషన్ ఒక ముసాయిదా ఇచ్చింది, 2019లో జస్టిస్ కె.టి. థామస్ కమిషన్ ఇంకొకటి తెచ్చింది. సంఘాలు వ్యతిరేకించాయి, రెండూ చట్టం కాలేదు. అక్కడే ఎర్నాకుళంలో అప్పు తీర్చడానికని భూములు అమ్మి, అప్పు తీరక, గురువులే వీధికెక్కిన గొడవ 2017 నుంచి నడిచింది. నా అభిప్రాయం అడిగితే బోర్డు వద్దంటాను. రాజ్యాంగం 26వ అధికరణం మతసంస్థకు ఆస్తి సంపాదించే హక్కు, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. అయితే ఆ నిర్వహణ చట్టప్రకారం ఉండాలన్న మాట కూడా అదే అధికరణంలో ఉంది. బోర్డు వద్దని గట్టిగా అరిచే కమిటీలలోనే వార్షిక లెక్క చదవని కమిటీలు కనబడుతుంటే, మనం బోర్డును వద్దంటున్నామా, లెక్కను వద్దంటున్నామా అని ఎదుటివాడు అడుగుతాడు. అప్పుడు నా దగ్గర జవాబు ఉండదు. సామాన్య విశ్వాసికి కూడా దారి లేకపోలేదు. ప్రజా ధర్మసంస్థ ఆస్తి పాడవుతోందనుకుంటే అందులో ఆసక్తి గల ఇద్దరు, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు అనుమతి తీసుకుని దావా వేయవచ్చు. ఆ అవసరం రాకుండా చూసుకోవడం మీ చేతిలో ఉంది.

ఇందాక ముందు వరుసలో నుంచి ఒక అయ్యగారు చీటీ పంపారు. 'మందిర స్థలం నా పేరున ఉంది, సంఘం పేరుకు మార్చడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ స్టాంపు డ్యూటీ ఎవరు కడతారు?' అని రాశారు. మంచి ప్రశ్న, ధైర్యంగా అడిగినందుకు ధన్యవాదాలు. ముందు సంఘాన్ని 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేయండి, సభ్యుల జాబితా రాయండి, అందులో మీ కుటుంబం వారే ఎక్కువ కాకుండా చూడండి. తర్వాత ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, సర్వే నంబరు, హద్దులు, కొలతలు సరిచూడండి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మార్కెట్ విలువ ఎంతో అడిగితే డ్యూటీ, ఫీజు ఎంతవుతుందో లెక్క వేసి చెబుతారు. ఆ మొత్తాన్ని 'స్థలం బదిలీ ఖర్చు' అని వచ్చే బడ్జెట్‌లో ఒక పద్దుగా పెట్టి, సంఘం ముందు చదివి, దానికే ప్రత్యేక కానుక ఎత్తండి. అమ్మగారితో, పిల్లలతో ముందే మాట్లాడి, వారు కూడా సాక్షి సంతకాలు చేస్తే ఇంకా మంచిది. ఆ కాగితాలు నాకు చూపించాలనుకుంటే భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరే ఉంటాను, జిరాక్సులు తెచ్చినవారు ముందు రండి.